జీటీఏ: పిల్లలు తిరుగుతున్న ఆ నగరంలో ఏముంది?

2020 మే నెల. లాక్‌డౌన్ వల్ల బడులు, మస్జిదులు, బజార్లు మూతబడి ఉన్న రోజులవి. రమజాన్ మాసం చివరికి వస్తున్నది. సరిగ్గా ఆ వారంలో ఎపిక్ గేమ్స్ అనే అమెరికన్ సంస్థ తన ఇంటర్నెట్ దుకాణంలో ఒక వీడియో గేమ్‌ను ఉచితంగా ఇచ్చింది. అంతవరకూ డబ్బు పెట్టి కొనవలసిన ఆట అది. ప్రపంచం నలుమూలల నుండి జనం ఎంతగా ఎగబడ్డారంటే, కొన్ని గంటల పాటు ఆ దుకాణమే స్తంభించిపోయింది. ఆ ఆట పేరు గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఫైవ్. పిల్లల నోట జీటీఏ ఫైవ్.

ఆ వారంలో అది మన ఇళ్లలోకీ వచ్చింది. అంతకుముందే దాని అన్నదమ్ములైన వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ అనే ఆటలు మన పట్టణాల ఇంటర్నెట్ సెంటర్లలో తరం పిల్లలకు పరిచయమై ఉన్నాయి. నేడు తెలుగులో వ్యాఖ్యానిస్తూ ఈ ఆటను ఆడి చూపించే వీడియోలు యూట్యూబ్‌లో కోకొల్లలు. ఇంతగా మన పిల్లల కాలాన్నీ, ఊహనూ ఆక్రమించిన వస్తువు గురించి తల్లిదండ్రులకు తెలిసినది మాత్రం ఒక్కటే: "ఏదో కార్ల ఆట."

తెలియని దానిని పొగడడం ఎంత తప్పో, తెలియకుండా తిట్టడమూ అంతే తప్పు. తండ్రి తిట్టే ఆటలో ఏముందో తండ్రికి తెలియదన్న సంగతి కొడుకుకు తెలుసు. అందుకే ఆ తిట్టు చెవి దగ్గరే ఆగిపోతుంది. కనుక ఈ వ్యాసంలో ఆ ఆటలోని మంచిని మంచిగా, చెడును చెడుగా విడదీసి చూద్దాం. తీర్పు ఆ తరువాత.

ఆట పుట్టుక

ఈ ఆట మూలం అమెరికా కాదు, స్కాట్లాండ్. డండీ పట్టణంలోని డీఎంఏ డిజైన్ అనే చిన్న సంస్థ 1997లో మొదటి గ్రాండ్ థెఫ్ట్ ఆటోను విడుదల చేసింది. అందులో నగరం ఆకాశం నుండి చూసినట్లు కనిపించేది. ఆటగాడు కారు దొంగ. 2001లో వచ్చిన మూడవ ఆటతో ఆ నగరం త్రిమితీయమయ్యింది, అంటే వీధిలో నిలబడి చూసినట్లు మారింది. 2002లో 1980ల నాటి మయామీని పోలిన వైస్ సిటీ, 2004లో శాన్ ఆండ్రియాస్ వచ్చాయి. ఆ సంస్థే రాక్‌స్టార్ నార్త్‌గా పేరు మార్చుకుని, ఎడిన్‌బరో నగరం నుండి పని చేస్తూ 2013 సెప్టెంబరు 17న అయిదవ ఆటను బయటపెట్టింది.

మూడు రోజులలో ఆ ఆట అమ్మకం వంద కోట్ల డాలర్లు దాటింది. అంత తక్కువ వ్యవధిలో అంత ఆర్జించిన వినోద వస్తువు అంతవరకూ లేదని గిన్నిస్ సంస్థ నమోదు చేసింది. ఇప్పటికి అమ్ముడైన ప్రతులు ఇరవై కోట్లకు పైమాటే.

ఇటువంటి ఆటలను "ఓపెన్ వరల్డ్" ఆటలంటారు. చదరంగంలో గళ్లు ఉంటాయి, కబడ్డీలో గీత ఉంటుంది. ఇక్కడ గీత లేదు. ఒక నగరం, దాని చుట్టూ కొండలు, ఎడారి, సముద్రం ఉంటాయి. ఆటగాడు ఎటు కావాలంటే అటు వెళ్లవచ్చు. కథ చెప్పిన పని చేయవచ్చు, చేయకుండా రోజంతా కారులో తిరగవచ్చు. ఈ స్వేచ్ఛే ఆ ఆటలోని ఆకర్షణ అంతా. దాని గుణమూ, దోషమూ రెండూ ఇక్కడి నుండే పుడతాయి.

గుణాలు: నగరాన్ని కట్టిన చేయి

మొదటి గుణం శ్రద్ధ. ఆటలోని లాస్ శాంటోస్ నగరం అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌కు నకలు. దానిని కట్టడానికి తయారీదారులు ఆ నగర వీధులలో తిరిగి సుమారు రెండున్నర లక్షల ఛాయాచిత్రాలు తీశారు. హాలీవుడ్ అక్కడ వైన్‌వుడ్ అయింది. సాల్టన్ సీ అనే ఉప్పు సరస్సు అలమో సీ అయింది. తెల్లవారితే మంచు, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం దుమ్ము పట్టిన నారింజ రంగు వెలుతురు. వీధిలో మనుషులు ఫోనులో మాట్లాడుకుంటూ నడుస్తారు, వాన వస్తే పరుగెత్తుతారు. ధనికుల పేటకూ పేదల పేటకూ ఇళ్లలో, కార్లలో, మాటతీరులో తేడా కనిపిస్తుంది. ఇది చౌకబారు పని కాదు. ఏళ్ల తరబడి పని చేసిన వందలాది కళాకారుల, సాంకేతిక నిపుణుల చెమట ఇందులో ఉన్నది.

రెండవ గుణం వాహనం నడిపే అనుభూతి. అంతకు ముందు 2008లో వచ్చిన నాలుగవ ఆటలో కార్లు బరువుగా, మలుపుల దగ్గర పడవల వలె ఊగుతూ ఉండేవి. కొందరికి అది నచ్చింది, చాలామందికి విసుగు పుట్టించింది. అయిదవ ఆటలో పట్టు పెరిగింది. ప్రతి వాహనానికీ తనదైన నడక ఉన్నది. తారురోడ్డు మీద దూసుకుపోయే స్పోర్ట్స్ కారు మట్టి దారిలో జారుతుంది, అక్కడ జీపు నిలదొక్కుకుంటుంది. లారీ ఆలస్యంగా ఆగుతుంది. మోటారు సైకిలు మలుపులో ఒరుగుతుంది. అయితే ఇది నిజమైన డ్రైవింగ్ కాదని గుర్తుంచుకోవాలి. ఈ ఆటలో గాలిలోకి ఎగిరిన కారును కూడా గాలిలోనే అటూ ఇటూ తిప్పవచ్చు.

ఈ నగరపు నకలు ఎంత నమ్మకంగా ఉన్నదంటే, పరిశోధకులు సయితం దానిని ఉపయోగించుకున్నారు. 2016లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయానికీ, ఇంటెల్ సంస్థకూ చెందిన శాస్త్రజ్ఞులు ఈ ఆటలోని వీధుల నుండి సుమారు 25,000 దృశ్యాలను సేకరించి, వాటిలో రోడ్డు ఏది, మనిషి ఎవరు, వాహనం ఏది అని గుర్తులు పెట్టారు. వీధిని చూసి అర్థం చేసుకోవడం కంప్యూటరుకు నేర్పడానికి ఆ దృశ్యాలు పనికి వచ్చాయి. డ్రైవరు లేకుండా నడిచే కార్లకు కావలసిన విద్య ఇదే.

మూడవ గుణం కథ. ఆటలో ముగ్గురు కథానాయకులు. మైకేల్ ఒకప్పటి బ్యాంకు దోపిడీదారు. దోచిన సొమ్ముతో ధనికుల పేటలో భవనం కట్టుకున్నాడు. ఫ్రాంక్లిన్ పేద పేటలో పుట్టిన నల్లజాతి యువకుడు. ట్రెవర్ ఎడారి పట్టణంలో మత్తుమందుల వ్యాపారం చేసే ఉన్మాది. ఆటగాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒకరి నుండి మరొకరికి మారవచ్చు. మారిన క్షణంలో ఆ మనిషి తన జీవితంలో తానేదో చేస్తూ కనిపిస్తాడు. వీడియో గేమ్ కథనంలో ఇది చెప్పుకోదగిన ప్రయోగం.

మైకేల్ ఇంటిని చూస్తే కుటుంబ పత్రిక పాఠకులు ఆశ్చర్యపోతారు. ఈత కొలను ఉన్న భవనం, ఖరీదైన కార్లు, చేతినిండా సొమ్ము. ఇంట్లో మాత్రం భార్యాభర్తల మధ్య నమ్మకం లేదు. కూతురు కీర్తి పిచ్చిలో ఉన్నది. కొడుకు జిమ్మీ గది తలుపు మూసుకుని, రోజంతా హింసాత్మకమైన వీడియో గేమ్ ఆడుతూ, తెరమీది అపరిచితులను బూతులు తిడుతూ కూర్చుంటాడు. తండ్రి మానసిక వైద్యుని దగ్గరకు వెళ్లి తన శూన్యాన్ని చెప్పుకుంటాడు. అక్రమార్జన ఇంటికి శాంతిని తేదని ఈ ఆట తనకు తెలిసిన భాషలో చెబుతున్నది. తన వంటి ఆటకు బానిసైన కుర్రవాణ్ణి చూపించి తన మీద తానే పరిహాసం చేసుకుంటున్నది.

ఫ్రాంక్లిన్ ఉద్యోగమూ అటువంటిదే. తీర్చలేని వారికి అప్పు మీద కార్లు అంటగట్టి, వాయిదా తప్పగానే వాటిని లాక్కునే వ్యాపారి దగ్గర అతడు పని చేస్తాడు. లాక్కురావడమే అతని పని. అప్పుల మీద నిలిచిన సమాజాన్ని ఇంత సూటిగా ఎత్తిచూపిన ఆటలు అరుదు.

దోషాలు: పేరులోనే ఉన్నవి, లోపల దాగినవి

ఇక రెండవ పక్షం. ఈ ఆట పిల్లల కోసం చేసినది కాదు. ఈ మాట విమర్శకులది కాదు, తయారీదారులదే. ఐరోపాలో దీనికి 18 ఏళ్ల ముద్ర ఉన్నది. అమెరికాలో 17 ఏళ్లు నిండిన వారికని వర్గీకరించారు. కారణాలుగా రక్తపాతం, తీవ్ర హింస, నగ్నత్వం, లైంగిక దృశ్యాలు, బూతు, మత్తుపదార్థాల వాడకాన్ని పెట్టె మీదనే పేర్కొన్నారు. ఆటను ఇంటర్నెట్ నుండి దించుకునే ఇళ్లలో ఆ పెట్టె ఎవరి కంటా పడదు. ఆ హెచ్చరికా ఎవరికీ చేరదు.

ఆటలోని ఒక ఘట్టం ప్రత్యేకంగా చెప్పదగినది. ప్రభుత్వ గూఢచారి సంస్థ ఆదేశం మీద ట్రెవర్ ఒక మనిషిని హింసించి సమాచారం రాబట్టాలి. పనిముట్టును ఎంచుకునేది ఆటగాడే. మీట నొక్కవలసినదీ ఆటగాడే. ఆ సమాచారంతో మైకేల్ దూరం నుండి ఒక అజర్‌బైజాన్ దేశీయుణ్ణి తుపాకీతో కాల్చాలి. అతణ్ణి గుర్తించేది గడ్డాన్ని బట్టి, అతడు సిగరెట్ పట్టుకున్న చేతిని బట్టి! హింసను అనుభవించిన మనిషి మొదటి నుండీ చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాడు. ఘట్టం చివర ట్రెవర్, హింస వల్ల నిజం బయటపడదని ఉపన్యసిస్తాడు. "ఉగ్రవాదంపై పోరు" పేరిట జరిగిన అకృత్యాల మీద ఇది వ్యంగ్యమని సమర్థకుల వాదన. వ్యంగ్యం ఉన్న మాట నిజమే. కానీ సినిమాలో హింసను చూసి అసహ్యించుకునే వాడికీ, తన వేలితో ఆ హింసను జరిపిన వాడికీ తేడా ఉన్నది. పద్నాలుగేళ్ల వాడి దాకా వ్యంగ్యం చేరదు. వాడికి చేరేది మీట మాత్రమే. బ్రిటన్‌లో హింసా బాధితుల కోసం పని చేసే సంస్థలు ఈ ఘట్టాన్ని బహిరంగంగా ఖండించాయి.

స్త్రీల చిత్రణ మరొక పెద్ద లోపం. ముగ్గురు కథానాయకులలో ఒక్క స్త్రీ లేదు. కనిపించే స్త్రీలలో అధిక భాగం గయ్యాళులు, మోసగత్తెలు, లేదా పురుషుల కోసం నగ్నంగా నర్తించే వారు. 2013లో గేమ్‌స్పాట్ అనే ప్రసిద్ధ సమీక్షా వేదికలో ఒక రచయిత్రి ఈ ఆటకు పదికి తొమ్మిది మార్కులిచ్చి ఎంతో మెచ్చుకుంటూనే, ఇందులో స్త్రీద్వేషం ఉన్నదని రాసింది. తొమ్మిది మార్కులు చాలలేదని, ఆ మాట అనకూడదని వేలాది మంది ఆమెపై విరుచుకుపడ్డారు. ఉద్యోగం నుండి తొలగించాలని సంతకాలు సేకరించారు. ఒక ఆట గురించిన చిన్న విమర్శను భరించలేని ఆ ఉద్రేకం ఆటలోని ఏ దృశ్యం కంటే కూడా ఆలోచింపజేస్తుంది. మరుసటి సంవత్సరం డిసెంబరులో, స్త్రీలపై హింసను నిరసిస్తూ వచ్చిన ఒక విజ్ఞప్తి మీద ఆస్ట్రేలియాలోని రెండు పెద్ద దుకాణ సంస్థలు ఈ ఆటను అమ్మకం నుండి తొలగించాయి.

ప్రాణాన్ని మరచి, పైసను గుర్తుంచుకునే నగరం

హింస, బూతు, అశ్లీలత అందరికీ కంటికి కనిపించే దోషాలు. వీటికి మించిన దోషం ఒకటున్నది. దానిని గమనించడానికి ఆట పక్కన కొంతసేపు కూర్చోవాలి.

ఆటగాడు కారు నడుపుతూ ఎర్ర దీపాన్ని దాటిపోతాడు. ఎవరూ ఆపరు. కాలిబాట మీద నడిచే ఒక మనిషిని గుద్దేస్తాడు. ఎవరో ఫోను చేస్తారు, తెర మూలన ఒక నక్షత్రం వెలుగుతుంది. నేరం పెరిగే కొద్దీ నక్షత్రాలు అయిదు వరకూ పెరుగుతాయి, హెలికాప్టర్లు సయితం వస్తాయి. పోలీసుల కంట పడకుండా కొంతసేపు సందులో దాక్కుంటే ఆ నక్షత్రాలన్నీ ఆరిపోతాయి. లేదంటే పోలీసు చూడకుండా కారుకు కొత్త రంగు వేయిస్తే చాలు. అంతటితో కేసు ముగిసింది. వెనక్కి వెళ్లి చూస్తే గుద్దిన మనిషి శవం కూడా ఉండదు. అతనికి ఇల్లు లేదు, ఏడ్చే తల్లి లేదు. ఆటగాడు తానే చనిపోయినా, కొంత సొమ్ము పోగొట్టుకుని ఆసుపత్రి గుమ్మం ముందు లేచి నిలబడతాడు.

దీనికి సాంకేతిక కారణం ఉన్నది. 2013లో ఈ ఆట వచ్చిన యంత్రాలలో మొత్తం జ్ఞాపకశక్తి 512 మెగాబైట్లు. నేటి సాధారణ ఫోనులో దానికి ఎనిమిది రెట్లు ఉంటుంది. అంత చిన్న చోటులో మహానగరాన్ని నడపాలంటే, కంటికి కనిపించనిదంతా తుడిచివేయక తప్పదు. కనుక శవం మాయమవడం దుర్బుద్ధి కాదు, యంత్రం పరిమితి.

అయితే విషయం అక్కడితో ఆగదు. ఇదే ఆట కొన్ని సంగతులను చక్కగా గుర్తుంచుకుంటుంది. పెద్ద దోపిడీకి ముందు సహాయకులను ఎంచుకోవాలి. నేర్పరి ఎక్కువ వాటా అడుగుతాడు, నేర్పు లేనివాడు తక్కువకు వస్తాడు. కక్కుర్తి పడి నేర్పు లేనివాణ్ణి తీసుకుంటే పని మధ్యలో పొరపాటు జరిగి సొమ్ము పోతుంది. ఆటలో షేర్ మార్కెట్ కూడా ఉన్నది. ఒక కంపెనీకి చెందిన పెద్దమనిషిని హత్య చేస్తే పోటీ కంపెనీ షేరు ధర పెరుగుతుంది. ముందే ఆ షేర్లు కొని పెట్టుకున్న వాడికి కోట్లు వచ్చిపడతాయి. అంటే కర్మకు ఫలితం ఉండేలా చేయడం ఈ తయారీదారులకు తెలుసు. డబ్బు విషయంలో చేశారు, ప్రాణం విషయంలో చేయలేదు.

చేయడం అసాధ్యం కాదని వేరే ఆటలు రుజువు చేశాయి. 2002లో చెక్ దేశపు ఇల్యూజన్ సాఫ్ట్‌వర్క్స్ తయారు చేసిన మాఫియా అనే ఆటలో వేగ పరిమితి మించినా, ఎర్ర దీపం దాటినా పోలీసు వెంటపడి ఆపి జరిమానా వేస్తాడు. అది కూడా నేర ముఠా కథే, కానీ రోడ్డుకు చట్టం ఉన్నది. రాక్‌స్టార్ సంస్థ స్వయంగా 2018లో విడుదల చేసిన రెడ్ డెడ్ రిడెంప్షన్ టూ అనే ఆటలో కథానాయకుని మంచిచెడులకు ఒక కొలమానం ఉన్నది. నేరం చేస్తే తలపై ప్రకటించిన వెల ఆ ప్రాంతంలో అలాగే నిలిచి ఉంటుంది, సొమ్ము చెల్లించే దాకా పోదు. అదీ పెద్దలకు మాత్రమే తగిన హింసాత్మక ఆటే, సందేహం లేదు. కానీ అక్కడ చేసిన పని చేసిన వాణ్ణి వెంటాడుతుంది.

ఏ పనీ లెక్కలోకి రాకుండా పోదని పిల్లలకు ఉగ్గుపాలతో చెప్పే ఇళ్లు మనవి. అటువంటి ఇంటి బిడ్డ రోజుకు మూడు గంటలు లెక్క అడగని నగరంలో గడుపుతున్నాడన్నదే మనం పట్టించుకోవలసిన అసలు విషయం.

ఆట బయటి రోడ్డు వేరు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక చెబుతున్నది. వీటికి ఆటలు కారణమని ఎవరూ అనడం లేదు. కానీ ఆ సంఖ్యలో ప్రతి ఒక్కరికీ ఒక ఇల్లున్నది. ఆ ఇంటివారి దుఃఖం సందులో దాక్కుంటే ఆరిపోయే నక్షత్రం కాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, మైనరు బాలుడు బండి నడిపి నేరానికి పాల్పడితే అతని సంరక్షకునికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకూ జైలు, 25,000 రూపాయల జరిమానా పడే అవకాశం ఉన్నది.

పరిశోధనలు ఏమంటున్నాయి?

"ఈ ఆట ఆడితే హంతకులవుతారు" అనే మాట తరచుగా వినిపిస్తుంది. న్యాయంగా మాట్లాడాలంటే, ఆ మాటకు ఆధారం లేదు. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 14, 15 ఏళ్ల వయసున్న సుమారు వెయ్యి మంది బ్రిటిష్ పిల్లలనూ, వారి పెద్దలనూ విచారించి, హింసాత్మక ఆటలకూ పిల్లల దూకుడు ప్రవర్తనకూ సంబంధం కనిపించలేదని తేల్చారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2020లో తన తీర్మానాన్ని సవరిస్తూ, అరవడం, నెట్టడం వంటి చిన్న దూకుడుతో కొద్దిపాటి సంబంధం ఉన్నదనీ, ఘోర నేరాలకు ఆటలే కారణమని చెప్పడానికి మాత్రం ఆధారం చాలదనీ ప్రకటించింది.

మరొక వైపు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో "గేమింగ్ డిజార్డర్"ను చేర్చింది. 2022 జనవరి నుండి అది అమలులోకి వచ్చింది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటకే ప్రాధాన్యం ఇవ్వడం, నష్టం జరుగుతున్నా మానలేకపోవడం దీని లక్షణాలు. సాధారణంగా ఏడాది పాటు ఈ స్థితి కొనసాగితేనే వ్యాధిగా పరిగణిస్తారు. కనుక రెండు గంటలు ఆడిన ప్రతి పిల్లవాణ్ణీ రోగి అనడం సరికాదు.

ఒక వస్తువు మనిషిని హంతకుణ్ణి చేయనంత మాత్రాన అది పిల్లవానికి తగినదని అర్థం కాదు. బూతు పుస్తకం చదివిన వాడు హత్య చేయడు. అయినా దానిని ఎవరూ పిల్లవాని చేతిలో పెట్టరు. తగినదా కాదా అన్న ప్రశ్నకు పోలీసు రికార్డులలో సమాధానం వెదకడమే పొరపాటు.

ఆన్‌లైన్ ఆట: మరొక ద్వారం

ఆటకు అనుబంధంగా 2013 అక్టోబరులో జీటీఏ ఆన్‌లైన్ మొదలయ్యింది. ఇందులో ప్రపంచంలోని ఏ మూల ఉన్న వారైనా ఒకే నగరంలో కలిసి ఆడతారు. కథ ఒకనాటికి ముగుస్తుంది, దీనికి ముగింపు లేదు. కొత్త కారు, కొత్త ఇల్లు, కొత్త విమానం వస్తూనే ఉంటాయి. వాటికి ఆటలోని సొమ్ము కావాలి. గంటల తరబడి ఆడి సంపాదించాలి, లేదా అసలు డబ్బు పెట్టి "షార్క్ కార్డు" కొనాలి. 2019 జులైలో ఇందులో కేసినో కూడా తెరిచారు. ఆటలోని సొమ్ముతో అక్కడ జూదమాడవచ్చు. ఆ సొమ్మును అసలు డబ్బుతో కొనే వీలుండడం వల్ల, కొన్ని దేశాలలో చట్టాల కారణంగా ఆ జూదం అందుబాటులో లేకుండా పోయింది. అపరిచితులతో మైకులో మాట్లాడే సౌకర్యం ఉన్నది. 

ఇదే ఆట మీద ఆటగాళ్లు కొందరు సొంతంగా మరొక పద్ధతి నిర్మించుకున్నారు. దానిని "రోల్ ప్లే" అంటారు. అందులో ఒకడు పోలీసు, ఒకడు టాక్సీ డ్రైవరు, ఒకడు వైద్యుడు, ఒకడు న్యాయవాది. ఎర్ర దీపం దగ్గర ఆగాలి. ప్రమాదం చేస్తే పోలీసు కేసు రాస్తాడు, కోర్టు నడుస్తుంది. నియమం తప్పిన వాణ్ణి నిర్వాహకులు బయటకు పంపుతారు. మన దేశంలోనూ ఇటువంటి ఆటకు ఆదరణ ఉన్నది. ఇది ఎంత పెరిగిందంటే, దానికి సాధనాలు తయారు చేసిన బృందాన్ని 2023లో రాక్‌స్టార్ సంస్థ తనలో కలుపుకుంది. అక్కడా నేర ముఠాలుంటాయి, బూతులుంటాయి. అయినా ఇందులో ఒక విశేషమున్నది. ఏ చట్టమూ లేని నగరాన్ని ఇచ్చినప్పుడు, ఆటగాళ్లే విసిగి దానిలోకి చట్టాన్ని తెచ్చుకున్నారు. అడ్డులేని స్వేచ్ఛ కొంతకాలానికి రుచి పోతుందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

తల్లిదండ్రులు చేయగలిగినవి

మొదటిది, ఆట పేరు తెలుసుకోండి. "జీటీఏ" అని పిల్లవాడు అంటే ఏ జీటీఏ అని అడగండి. వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్‌లకు ఫోనులో ఆడే అధికారిక రూపాలున్నాయి. అయిదవ ఆటను ఫోను కోసం తయారు చేయలేదు. "ఫోనులో జీటీఏ ఫైవ్" అంటూ ఇంటర్నెట్‌లో దొరికేవి నకిలీలు. వాటి వెంట వైరస్ రావచ్చు, ఫోనులోని బ్యాంకు వివరాలకు ముప్పు రావచ్చు.

రెండవది, వయసు ముద్రను గౌరవించండి. పద్దెనిమిది నిండని వారికి ఈ ఆట వద్దు. ఈ విషయంలో బేరం అనవసరం. చేసిన వారే వద్దన్న వయసులో మనం ఇవ్వనక్కరలేదు.

మూడవది, ఇప్పటికే ఆడుతున్న పిల్లవాని చేతి నుండి లాక్కోవడానికి ముందు ఒక గంట పక్కన కూర్చోండి. తిట్టకండి, అడగండి. "ఇప్పుడు గుద్దావే, ఆ మనిషి ఏమయ్యాడు?" "ఈ ముగ్గురిలో నీకు ఎవరు మంచివాడనిపిస్తాడు, ఎందుకు?" "మైకేల్‌కు అంత డబ్బుండీ ఇంట్లో ఎందుకు సుఖం లేదు?" పిల్లలు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలరు. వారిని ఎవరూ అడగకపోవడమే లోపం. ఆ సంభాషణ తరువాత "వద్దు" అని చెప్పే తండ్రి మాటకు ఉండే బరువు వేరు.

నాల్గవది, బ్యాంకు కార్డును, యూపీఐ పిన్‌ను పిల్లల చేతికి ఇవ్వకండి. కంప్యూటరును తలుపు వేసే గదిలో గాక, నలుగురు తిరిగే చోట పెట్టండి. ఆట వల్ల నిద్ర, చదువు, నమాజ్, భోజనం వేళలు తప్పుతున్నాయా అన్నది గమనించండి. గంటలు లెక్కపెట్టడం కంటే ఈ గమనిక ముఖ్యం.

అయిదవది, కాదన్న చోట మరొకటి చూపించండి. పిల్లవానికి ఇష్టమైనది చంపడం కాకపోవచ్చు, నడపడం కావచ్చు. ప్రేగ్ నగరంలోని ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ 2012లో విడుదల చేసిన యూరో ట్రక్ సిమ్యులేటర్ టూ ఆటలో లారీ నడుపుతూ ఐరోపాలోని అనేక దేశాలు తిరగవచ్చు. అక్కడ ఎర్ర దీపం దాటితే జరిమానా, వేగం మించితే జరిమానా, అలసిపోతే ఆపి నిద్రపోవాలి. ఫోర్జా హొరైజన్ ఆటలలో బ్రిటన్, మెక్సికో వంటి దేశాల అందమైన రోడ్ల మీద కార్లు నడపవచ్చు, గుద్దడానికి మనుషులు ఉండరు. ఫోనులో ఆడే బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా ఆటలో మన ఆర్టీసీ బస్సుల రంగులు వేసుకుని నడిపే తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. ఇవి ఏ వయసు వారికైనా తగినవే. అయితే కాలం మితి మాత్రం వీటికీ వర్తిస్తుంది.

ఇక తీర్పు. జీటీఏ ఫైవ్ నిర్మాణంలో గొప్ప ఆట, వ్యంగ్యంలో పదునైన ఆట. పెద్దవాడు దానిని చూసి తన వివేకంతో మంచిచెడులు వేరు చేసుకోగలడు. ఆ వివేకం ఇంకా తయారవుతున్న పిల్లవానికి అది తగిన చోటు కాదు. వాడు ఆ నగరంలో తిరుగుతున్నంతసేపూ, గుద్దిన మనిషి ఏమయ్యాడని అడిగే వారు అక్కడ ఎవరూ ఉండరు. ఇంట్లోనైనా ఒకరు అడగాలి.